పాలంపేట: కట్ట మీద నిలబడి చూస్తే

రామప్ప గుడిని మొదటిసారి చూపించిన రోజున మా తాత నన్ను నేరుగా గుడికి తీసుకుపోలేదు. బస్సు దిగగానే గోపురం వైపు పరుగెత్తబోయిన నా చెయ్యి పట్టుకుని, "గుడి ఏడికి పోదు బిడ్డా, ముందుగాల కట్ట ఎక్కు" అన్నాడు. అప్పట్లో నాకు కోపమే వచ్చింది. హనుమకొండలో చదువుకునే పిల్లవాడికి చెరువు కట్టలో చూడవలసింది ఏముంటుంది? ఆయన జీవితమంతా చెరువు కింద వరి సాగు చేసినవాడు కాబట్టి ఏ ఊరికి పోయినా మొదట కట్ట, తూము, మత్తడి చూసి, ఆ తరువాతే చుట్టాల ఇంటి తొవ్వ పట్టేవాడు. ఇన్నేళ్ల తరువాత, పాలంపేట గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నప్పుడు, ఆయన చెప్పిన వరుసే సరైనదని నాకు అనిపిస్తున్నది.

పాలంపేట పేరు చాలామందికి తెలియదు, రామప్ప అంటే మాత్రం అందరికీ తెలుసు. గుడి పేరు ఊరి పేరును మింగేసింది. వరంగల్ నుంచి ఏటూరునాగారం వైపు పోయే 163వ నంబరు జాతీయ రహదారిలో ములుగు దాటిన తరువాత జంగాలపల్లి క్రాస్‌రోడ్డు దగ్గర ఎడమకు మళ్లి, వెంకటాపూర్ మీదుగా పోతే ఈ ఊరు వస్తుంది. హనుమకొండ నుంచి లెక్కేస్తే డెబ్బై కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ములుగు వరకు దారి పొడుగునా పత్తి చేలు, మిరప తోటలు, అక్కడక్కడ బోడగుట్టలు కనిపిస్తాయి. ములుగు దాటాక గుట్టల మీద చెట్లు చిక్కబడతాయి. టేకు, మద్ది, ఇప్ప, తునికి కలిసిన ఆ అడవే తూర్పుకు సాగి గోదావరి ఒడ్డు దాకా పోతుంది. అంటే పాలంపేట మైదానం ముగిసి అడవి మొదలయ్యే చోట, రెండింటి సందున కూర్చున్న ఊరు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే అక్కడి చెరువు, గుడి, పంట, కాగితాల తగాదాలు అన్నీ ఒకదాని వెంట ఒకటి అర్థమవుతాయి.

కట్ట మీద నిలబడితే చెరువుకు మూడు వైపులా గుట్టలే కనిపిస్తాయి. వాన కురిసినప్పుడు ఆ గుట్టల నుంచి దిగే వాగుల నీళ్లన్నీ ఒక్క లోయలోకి చేరుతాయి. ఆ లోయ నోరు ఇరుకుగా ఉన్న చోట అడ్డంగా ఒక మట్టికట్ట పోస్తే చాలు, మిగతా మూడు వైపులా గోడల పనిని గుట్టలే చూసుకుంటాయి. తక్కువ కట్టతో ఎక్కువ నీళ్లు నిలిపే ఈ ఉపాయాన్ని కాకతీయులు ఈ ప్రాంతంలో ఒక్క చోట కాదు, పదే పదే వాడుకున్నారు. పాకాల, రామప్ప, లక్నవరం, గణపురం చెరువులు నాలుగూ ఈ అడవి అంచునే, ఇటువంటి గుట్టల సందులలోనే ఉన్నాయి. వీటిని పటం మీద పెట్టి చూసినవారికి, కాకతీయుల నీటిపారుదల నిపుణులు ఈ నేల వాలును ఎంత శ్రద్ధగా చదివారో వేరే చెప్పనక్కరలేదు. శాసనాలు రాసినవారి పేర్లు మనకు అక్కడక్కడ దొరుకుతాయి గాని, వాగు ఎక్కడ ఇరుకవుతుందో కాలినడకన తిరిగి గుర్తుపట్టినవారి పేర్లు ఏ రాయి మీదా లేవు.

చెరువు ఉన్న ఊరిలో భూమికి ఉండే పేర్లే వేరు. నీళ్లు నిలిచే నేల శిఖం. నీళ్లు పారే నేల ఆయకట్టు. నిండినప్పుడు పొర్లిపోయే చోటు మత్తడి. తూము తెరిచి, మూసి, ఏ మడికి ఎంత పారాలో చూసే మనిషి నీరటి. వానాకాలం పంటకు నీళ్ల గురించి పెద్దగా తగవులు ఉండవు. యాసంగికి చెరువు సగమే ఉన్నప్పుడు, ఆయకట్టులో ఎంత భాగానికి నీళ్లు ఇవ్వాలో ఊరంతా కూర్చుని తేల్చుకునే ఏర్పాటును తైబందీ అంటారు. మా తాత ఈ మాట పలికినప్పుడల్లా గొంతు కొంచెం తగ్గించేవాడు, ఎందుకంటే అన్నదమ్ముల మధ్య మాటలు పోయేది అక్కడే. తైబందీ సరిగ్గా జరిగిన ఏడాది ఊరిలో పెళ్లిళ్లు ఎక్కువ జరిగేవని ఆయన లెక్క. ఆ లెక్కను నేను సరిచూడలేదు, కాని కాదనే ధైర్యమూ నాకు లేదు.

ఇప్పుడు ఆ లెక్క కొంత మారింది. రామప్ప చెరువు ఒకప్పుడు పూర్తిగా వాన మీద, అడవి వాగుల మీద ఆధారపడేది. గంగారం దగ్గర గోదావరి నీళ్లను ఎత్తిపోసే దేవాదుల పథకం వచ్చాక, భీంఘనపూర్ మీదుగా ఆ నీళ్లు ఈ చెరువుకు చేరే ఏర్పాటు జరిగింది. మూడో దశలో ఇక్కడి నుంచి ధర్మసాగర్ దాకా దాదాపు 49 కిలోమీటర్ల సొరంగం కూడా తవ్వారు. అంటే ఎనిమిది వందల ఏళ్లపాటు తన ఆయకట్టుకే నీళ్లిచ్చిన చెరువు, ఇప్పుడు దూరపు పొలాలకు నీళ్లు మోసే దారిలో ఒక మజిలీగా మారింది. దీనిని రైతులందరూ ఒకే తీరుగా చూడరు. యాసంగికి భరోసా వచ్చిందని సంతోషించేవారు ఉన్నారు, తమ చెరువు నీళ్లు తమ చేతిలో లేకుండా పోతాయేమోనని భయపడేవారూ ఉన్నారు. చెరువు పేరు ఎంత పెద్దదయినా, తూము దగ్గర నిలబడిన రైతు అడిగేది తన మడి గురించే కదా.

2015లో మిషన్ కాకతీయ మొదలయినప్పుడు రాష్ట్రంలోని వేల చెరువుల పూడిక తీసి, ఆ మట్టిని పొలాలకు తోలుకునే పని జరిగింది. పథకానికి కాకతీయుల పేరు పెట్టడం ఉట్టి అలంకారం కాదని ఈ వైపు తిరిగినవారికి తెలుసు. ఎర్రచెలకలో చెరువు ఒండ్రు చల్లితే నేల పదును ఎక్కువ రోజులు ఆరదు, ఎరువు ఖర్చు కూడా కొంత తగ్గుతుంది. పూడిక మట్టిని ట్రాక్టర్లలో నింపుకుపోయే దృశ్యం చూసిన రోజున, మా తాత ఎడ్లబండి మీద అదే మట్టిని తోలిన వేసవులు నాకు గుర్తుకొచ్చాయి. అప్పుడు దానికి పథకమని పేరు లేదు, ఎండాకాలపు పని అని మాత్రమే అనేవారు.

కట్ట దిగి పొలాల మధ్య నుంచి నడిస్తే గుడి వస్తుంది. చెరువు, గుడి రెండూ ఒకే కాలపు పనిగా చరిత్రకారులు చెప్తారు. ఊరికి బువ్వ పెట్టేది, ఊరిని పేరు చెప్పి నిలిపేది ఒకే చేతి మీదుగా వచ్చాయన్న మాట. గుడి ఆవరణలో చిన్న మండపం కింద నిలబడి ఉన్న నల్లరాతి శాసన స్తంభం దగ్గర యాత్రికులు పెద్దగా ఆగరు. నాలుగు ముఖాల మీదా సంస్కృతంలో, తెలుగు కన్నడ లిపిలో చెక్కిన ఆ శాసనమే ఈ ఊరికి పుట్టినరోజు పత్రం వంటిది. శక సంవత్సరం 1135, శ్రీముఖ నామ సంవత్సరం, చైత్ర శుద్ధ అష్టమి, ఆదివారం అని అందులో ఉన్న తిథి మన లెక్కకు 1213 మార్చి 31 అవుతుంది. ఆ రోజున కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచెర్ల రుద్రుడు ఇక్కడ రుద్రేశ్వరుడిని ప్రతిష్ఠించాడు. ఊరి పేరు మాత్రం శాసనంలో పాలంపేట అని ఉండదు, ఆతుకూరు అని ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఆతుకూరు ఎప్పుడు పాలంపేటగా మారిందో రాసి పెట్టిన రాయి ఏదీ లేదు. దేవుడి అసలు పేరు రుద్రేశ్వరుడు, జనం పిలిచేది రామప్ప అని. చెక్కిన శిల్పి పేరే గుడికి వచ్చిందని ఊరి నమ్మకం.

ఈ రేచెర్ల రుద్రుడు ఊరికే గుడి కట్టించిన సామంతుడు కాడు. దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధంలో మహాదేవుడు మరణించి, కొడుకు గణపతిదేవుడు వారి చేతికి చిక్కిన రోజులలో, ఓరుగల్లు రాజ్యం చేజారకుండా నిలబెట్టినవాడు ఇతడే. అందుకే శాసనం ఇతడిని కాకతీయ రాజ్య భార ధౌరేయుడని, అంటే రాజ్యమనే బండి కాడిని భుజాన మోసినవాడని పొగుడుతుంది. ఎడ్లతో దున్నినవారికి ఈ బిరుదు ఎంత బరువయినదో విడమరచి చెప్పనక్కరలేదు. రాజు తిరిగి వచ్చి గద్దె ఎక్కిన పదునాలుగేళ్లకు ఆ సేనాని ఈ అడవి అంచున గుడి నిలిపాడు. తన వంశంలోని కాటయ, కామయల పేర్లను కాటేశ్వర, కామేశ్వర ఆలయాలకు పెట్టాడు.

గుడిని చూసినవారు శిల్పాల గురించే మాట్లాడతారు. మదనికలు అనే నల్లరాతి స్త్రీమూర్తులు, నాట్య భంగిమలు, సన్నని రంధ్రంలో గైడు పుల్ల దూర్చి అవతల తీసి చూపించే పనితనం గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ కాకతీయుల కాలపు పేరిణి నృత్యానికి తిరిగి ప్రాణం పోసినప్పుడు ఈ రాతి భంగిమలను కూడా పరిశీలించిన సంగతి తెలిసిందే. నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది మాత్రం రాయి రంగు. వరంగల్ కోటలో మీరు తాకేది గ్రానైటు. ఇక్కడ గోడలు ఎర్ర ఇసుకరాయి, చెక్కడం పని ఉన్న స్తంభాలు, ద్వారబంధాలు, మదనికలు నల్లటి డోలరైటు. ఓరుగల్లు చుట్టూ ఉన్నది గట్టి గ్రానైటు నేల, అటు ఈశాన్యంగా గోదావరి లోయలోకి పోతున్న కొద్దీ ఇసుకరాయి నేల మొదలవుతుంది. భూపాలపల్లిలో బొగ్గు దొరికేది కూడా ఆ లోయ పొరలలోనే. కాబట్టి ఈ గుడి గోడ రంగును బట్టే మీరు ఏ నేల అంచుకు వచ్చారో చెప్పవచ్చు. గోపురానికి వాడిన ఇటుక నీళ్లలో తేలేంత తేలిక. పునాదిగా తవ్విన గోతిని ఇసుకతో నింపి, దాని మీద కట్టడాన్ని కూర్చోబెట్టారు. కింద ఇసుక, పైన తేలిక ఇటుక, నడుమ బరువయిన రాయి.

ఆ ఇసుక ఏం చేసిందో రంగమండపంలో చెప్పులు లేని కాళ్లకు తెలుస్తుంది. నేల మీది బండలు సమంగా ఉండవు. ఒకచోట బండ అంచు పాదానికి ఒత్తుకుంటుంది, రెండడుగులు వేసేసరికి గట్టు దిగినట్టు కాలు కిందికి పోతుంది. పదిహేడో శతాబ్దంలో వచ్చిన భూకంపానికి ఇక్కడ కొంత దెబ్బ తగిలిందని చెప్తారు. నేల కుంగినా, దూలాలు బీటలిచ్చినా, గర్భగుడి మాత్రం నిలబడింది. పక్కనున్న కామేశ్వరాలయానికి ఆ భాగ్యం దక్కలేదు. దానిని రాయి రాయిగా విప్పి తిరిగి కట్టే పనిని పురావస్తు శాఖవారు చేపట్టారు. నేను ఒకసారి పోయినప్పుడు విప్పిన రాళ్లు ఆవరణలో వరుసలుగా పేర్చి ఉన్నాయి. స్తంభం ముక్క పక్కన దూలం ముక్క, దూలం పక్కన సగం పద్మం. వాటి మధ్య తిరుగుతుంటే పెండ్లి వంట అయిపోయాక కడిగి బోర్లించిన గిన్నెల మధ్య తిరిగినట్టు ఉంది.

ఇక పెద్ద గుడి ఒక్కటే ఇక్కడ గుడి కాదు. చెరువు కట్ట మీద, పొలాల గట్ల మీద, చెట్ల కింద చిన్న చిన్న కాకతీయ ఆలయాలు చాలా ఉన్నాయి. గొల్లాల గుడి, యాకూబ్ గుడి అని ఊరివాళ్లు పిలిచే పేర్లను వింటే, ఏ శతాబ్దంలో ఎవరు ఆ నీడన ఉన్నారో వారి పేరే గుడికి అంటుకుపోయిందని ఊహించవచ్చు. వీటిలో కొన్నిటి మీద మర్రి, రావి వేర్లు దిగి రాళ్లను విడదీస్తున్నాయి. పెద్ద గుడి దగ్గర వందల ఫోన్లు ఫొటోలు తీస్తున్న ఆదివారం నాడు కూడా ఈ చిన్న గుళ్ల దగ్గర మేకలు తప్ప ఎవరూ ఉండరు. దీనికి నేను ఎవరినీ తప్పు పట్టను, కాని వచ్చినవారు గంటసేపు ఎక్కువ ఉండి ఈ గుళ్లను కూడా చూసిపోవాలని నా కోరిక.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి లొంగిపోయింది. శాసనం చెక్కిన నాటి నుంచి లెక్కేస్తే 110 ఏళ్లు. ఆ తరువాతి శతాబ్దాలలో గుడికి దీపం ఎవరు పెట్టారో చెప్పడం కష్టం గాని, చెరువు కింద సాగు జరుగుతూ ఉండకపోతే ఈ ఊరే మిగిలేది కాదు. నిజాం రాజ్యంలో పురావస్తు శాఖ 1914లో ఏర్పడింది. దాని మొదటి అధిపతి గులాం యజ్దానీ పాలంపేట ఆలయాల గురించి రాసిన గ్రంథం 1922లో వెలువడింది. ఆయన దానికి రామప్ప పేరు కాక పాలంపేట పేరే పెట్టడం నాకు ఇష్టమయిన సంగతి.

ఆ తరువాతి చరిత్ర కాగితాల చరిత్ర. రెవెన్యూ రికార్డులో ప్రతి ఊరూ ఒక మౌజా. మౌజాకు ఒక నక్షా, అంటే పటం, నక్షాలో సర్వే నంబర్లు, నంబరుకు హద్దురాళ్లు. పటేల్, పట్వారీల చేతిలోని ఆ లెక్కలను 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డులో మళ్లీ రాశారు. ఇప్పటికీ భూమి తగాదా వస్తే వకీలు మొదట అడిగేది ఆ ఏటి నకలే. 1980ల నడుమ పటేల్, పట్వారీ వ్యవస్థ పోయింది, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2020లో గ్రామ రెవెన్యూ అధికారి పదవి కూడా పోయింది. ఈ లోపు 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. తమ సర్పంచును తామే ఎన్నుకునే హక్కు వారికి అంతకు ఎంతో ముందే రావలసింది. అయితే దానితో మౌజా హద్దు ఒకటి, పంచాయతీ హద్దు మరొకటి అయ్యాయి. ఒకే చెరువు కింది రెండు మడులు రెండు పంచాయతీలలో ఉండవచ్చు. నీళ్లకు మాత్రం ఈ సంగతి తెలియదు.

జిల్లాల సంగతి మరీ విచిత్రం. 2016 అక్టోబరు 11కు ముందు పాలంపేట వరంగల్ జిల్లాలో ఉండేది. ఆ రోజు నుంచి జయశంకర్ భూపాలపల్లి జిల్లా అయింది. 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా ఏర్పడగానే ఇందులోకి వచ్చింది. మూడేళ్లు నిండకముందే ఒక ఊరు మూడు జిల్లాల పేర్లు రాసుకుంది. ఆ వైపు ఒక కిరాణా దుకాణం రేకు బోర్డు మీద "జిల్లా" అన్న మాట తరువాత రంగు మూడు పొరలుగా ఉండటం నేను చూశాను. కింది పొరలో "వరం" అనే రెండు అక్షరాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. దీనికి తోడు ములుగు జిల్లాలో వెంకటాపూర్ ఒకటి, వెంకటాపురం ఒకటి ఉన్నాయి. మొదటిది రామప్ప ఉన్న మండలం. రెండోది గోదావరి అవతలి నూగూరు వెంకటాపురం, 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న ప్రాంతం. మా బంధువులకు నేను పంపిన మందుల పార్సిల్ ఒకటి ఆ రెండో ఊరికి పోయి, వారం తరువాత తిరిగి నా ఇంటికే వచ్చింది. అప్పటి నుంచి చిరునామాలో మండలం పేరు పక్కన రామప్ప అని రాయడం అలవాటు చేసుకున్నాను.

2021 జూలై 25న యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తెలంగాణకు అది మొదటి గుర్తింపు. ఆ రోజు మా ఇంట్లో కూడా మిఠాయి పంచాము. దానితో పాటు ఊరి మీద పడే బరువు గురించి కూడా చెప్పాలి. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం కుదరదు, ఆ పైన మరో 200 మీటర్ల దాకా అనుమతి ఉంటే తప్ప ఇటుక పేర్చకూడదు. చట్టం ఉద్దేశం మంచిదే. అది లేకపోతే గోపురం చుట్టూ ఈపాటికి లాడ్జీలు లేచేవి. కాని ఆ హద్దు లోపల పడ్డ ఇంటిలో కొడుకు పెండ్లికి ఒక గది వేసుకోవాలన్నా దరఖాస్తు పెట్టుకుని తిరగవలసిన మనిషిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ ఊరివాళ్లు ఎనిమిది వందల ఏళ్లుగా ఆ గుడి చుట్టూ పొలం దున్నుతూ దానిని కాపాడినవారే.

రెండేళ్లకొకసారి మేడారం జాతర వచ్చినప్పుడు ఈ దారి కిక్కిరిసిపోతుంది. సమ్మక్క సారలమ్మలకు బంగారం, అంటే బెల్లం, సమర్పించి వచ్చే జనంలో చాలామంది తిరుగు దారిలో రామప్ప దగ్గర ఆగుతారు. కప్పం కోసం వచ్చిన కాకతీయ సైన్యంతో పోరాడి ప్రాణాలు విడిచిన తల్లులని కోయల కథ చెప్తుంది. ఆ తల్లులను మొక్కి వచ్చిన కాళ్లే కాకతీయ సేనాని కట్టించిన గుడి మెట్లు ఎక్కుతాయి. ఇందులో వారికి ఏ ఇబ్బందీ కనిపించదు, నాకూ కనిపించదు.

పోయిన వానాకాలం చివర నేను మళ్లీ పోయాను. ఈసారి నా వెంట నా కొడుకు ఉన్నాడు. బండి దిగగానే వాడు ఫోను తీసి గోపురం వైపు నడవబోయాడు. చెయ్యి పట్టుకుని కట్ట వైపు మళ్లించాను. చెరువు నిండుగా ఉంది, అలలు కట్ట రాళ్లకు తగిలి చప్పుడు చేస్తున్నాయి. కింద ఆయకట్టులో వరి పొట్టకొచ్చింది. "నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి?" అని వాడు అడిగాడు. గుట్టల వైపు చూపించాను, తరువాత గోదావరి ఉన్న దిక్కు కూడా చూపించాను.